బఠాణీ బర్గర్ వస్తే పశువుల రైతు మునిగిపోతాడా?

మీరడిగారు – మేం చెబుతున్నాం

క్రితం సంచికలో అమెరికాలో అమ్ముతున్న మొక్కల మాంసం, అంటే సోయా, బఠాణీల ప్రొటీన్‌తో బీఫ్‌లా చేసే బర్గర్ల గురించి చిన్న వార్త వేశాం. అంతే, ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగం దాని మీదే. తిట్లు పక్కన పెట్టి ప్రశ్నలున్నవి ఏరి ఇస్తున్నాం.

ప్ర: మేం డాలస్ దగ్గర ఉంటాం. ఇంట్లో బీఫ్ వండం, తినం. మా అబ్బాయికి పద్నాలుగేళ్లు, ఇక్కడే పుట్టాడు, స్నేహితులతో బయటికెళ్తే బర్గరే తింటాడు, ఏ బర్గరో నేను అడగను. మొన్న షాపులో ఇంపాజిబుల్ బర్గర్ ప్యాకెట్ చూసి "అమ్మా, ఇది సోయానే, కొను" అన్నాడు. పెనం మీద వేస్తే ఎర్రగా రసం కారింది. నాకు కడుపులో తిప్పింది, మా అత్తగారైతే వంటింట్లోంచి లేచి వెళ్లిపోయారు. నిజంగా ఇందులో మాంసం లేదా? ఆరోగ్యానికి బీఫ్ కంటే మంచిదేనా?
– ఒక తల్లి, టెక్సస్

జ: మాంసం లేదండీ, రక్తమూ కాదు. మీది వ్యవసాయ కుటుంబమైతే ఆ ఎరుపుని మీరు చిన్నప్పుడే చూసి ఉంటారు. పచ్చగా ఎదుగుతున్న వేరుశనగ మొక్కని పీకి, మట్టి దులిపి, వేళ్ల మీద ఆవగింజలంత, మిరియాలంత ఉండే బుడిపెల్ని గోటితో చిదిమి చూడండి. లోపల గులాబీ రంగులోనో ఎర్రగానో ఉంటుంది. గాలిలోని నత్రజనిని మొక్కకి అందించే బాక్టీరియా ఉండే చోటు అది, ఆ రంగు లెగ్‌హీమోగ్లోబిన్ అనే ప్రొటీన్‌ది. మన రక్తంలోని హీమోగ్లోబిన్‌కి దగ్గరి చుట్టం. సోయా వేళ్లలోనూ ఇదే ఉంటుంది. స్టాన్‌ఫర్డ్‌లో బయోకెమిస్ట్రీ ప్రొఫెసర్‌గా చేసిన ప్యాట్ బ్రౌన్ 2011లో ఇంపాజిబుల్ కంపెనీ పెట్టినప్పుడు, మాంసానికి ఆ రుచీ వాసనా ఇచ్చేది ఇలాంటి ప్రొటీన్లలో ఉండే హీమ్ అనే ఇనుమున్న పదార్థమేనని పట్టుకున్నాడు. వేళ్లు తవ్వి తీస్తే గిట్టుబాటు కాదు కాబట్టి సోయా జన్యువుని ఈస్ట్‌లో పెట్టి ట్యాంకుల్లో పులియబెట్టి తీస్తారు. అంటే జన్యుమార్పిడి ఉంది, అది పడనివాళ్లు ముందే తెలుసుకోవాలి. అమెరికా ఆహార, మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2018లో దీని భద్రత మీద తమకు ప్రశ్నలు లేవంది, 2019లో రంగుగా వాడటానికీ ఒప్పుకుంది. అనుమతి కోసం ఎలుకల మీద పరీక్షలు చేశారని జంతు హక్కుల వాళ్లు కంపెనీని బాగానే తిట్టారు. జీవహింస లేదు అనే లెక్కతో కొనేవాళ్లకి ఇది కూడా తెలిసుండాలి.

ఆరోగ్యం సంగతి. 113 గ్రాముల ముక్క లెక్కలో 2019 నాటి ఇంపాజిబుల్ రెసిపీలో 240 కేలరీలు, 19 గ్రాముల ప్రొటీన్, 8 గ్రాముల సాచురేటెడ్ కొవ్వు, 370 మిల్లీగ్రాముల సోడియం ఉండేవి. ఇరవై శాతం కొవ్వున్న పచ్చి బీఫ్ కీమా అంతే తూకంలో తీసుకుంటే 290 దగ్గర కేలరీలు, ప్రొటీన్ దాదాపు అంతే, సాచురేటెడ్ కొవ్వు 9 గ్రాములకు అటూ ఇటూ, సోడియం 75 దగ్గర. కొలెస్టరాల్ బీఫ్‌లో 80 మిల్లీగ్రాముల వరకూ ఉంటుంది, ఇందులో సున్నా. మొక్కదే కదా ఇంత సాచురేటెడ్ కొవ్వు ఎక్కడిది అంటారా, కొబ్బరి నూనెది. పెనం మీద చుయ్యిమనాలంటే గడ్డకట్టే కొవ్వు కావాలి మరి. తర్వాత తర్వాత రెసిపీలు మారాయి. బఠాణీ ప్రొటీన్‌తో ఇలాంటి బర్గర్లే చేసే బియాండ్ మీట్ కంపెనీ వాళ్లు 2024లో అవకాడో నూనెకి మారి సాచురేటెడ్ కొవ్వుని 2 గ్రాములకు దించారు. అందుకే నా లెక్కలు కాదు, మీ చేతిలో ఉన్న ప్యాకెట్ వెనక చూడండి.

స్టాన్‌ఫర్డ్‌లో 36 మందికి ఎనిమిది వారాలు మామూలు మాంసం, ఎనిమిది వారాలు మొక్కల మాంసం పెట్టి చూశారు, 2020లో అచ్చయింది. మొక్కల మాంసం తిన్నప్పుడు చెడ్డ కొలెస్టరాల్ కొంచెం తగ్గింది, బరువూ కాస్త తగ్గింది. డబ్బిచ్చింది బియాండ్ మీట్. పరిశోధన బాగానే చేశారు, కానీ మనుషులు 36 మందే, ఎవరి డబ్బో కూడా చెప్పుకోవాలి. నా మాట: మీ వాడు ఎలాగూ బర్గర్ తింటాడు కాబట్టి బీఫ్ బర్గర్ బదులు ఇది తింటే కాస్త మేలే. పప్పన్నం బదులు ఇది తింటే మేలేమీ లేదు, ఉప్పు అదనం. బర్గర్ ఏదైనా పక్కన వచ్చే ఫ్రైస్, కోక్ అవే కదా.

అత్తగారి కోసం ఒక చిట్కా. ముద్దలా కాకుండా పొడిపొడిగా చిదిపి, అల్లం వెల్లుల్లి, ఉల్లిపాయ వేసి కీమా లాగా వేయించండి. వేడికి ఎరుపంతా గోధుమ రంగులోకి తిరుగుతుంది. ఉప్పు మాత్రం చివర్లో, రుచి చూసి.

ప్ర: బర్గర్ కింగ్ వాళ్ల ఇంపాజిబుల్ వోపర్ పూర్తి శాకాహారమేనా? మా ఆయన శనివారం కూడా తినొచ్చంటున్నారు.
– అట్లాంటా నుంచి

జ: అడగకుండా తింటే కాదు. ముద్ద మొక్కలదే కానీ మామూలుగా బీఫ్ కాల్చే మంటపొయ్యి మీదే దాన్నీ కాలుస్తారు, పైగా వేసే మయోనైజ్‌లో గుడ్డు ఉంటుంది. వేరేగా వేడి చేసి ఇమ్మనీ, మయో వద్దనీ చెబితే చేస్తారు. 2019 ఆగస్టులో దేశమంతా అమ్మకాలు మొదలైన కొద్ది నెలలకే దీని మీద కోర్టుకెక్కినవాళ్లున్నారు. శనివారం నియమం ఎంత గట్టిదో మీ ఆయన్నే అడగండి.

ప్ర: నేను నెబ్రాస్కాలో ఎమ్మెస్ చదువుతున్నాను. నా రూమ్మేట్ వాళ్ల కుటుంబం నాలుగు తరాలుగా ఆవులు పెంచుతోంది. "ఈ ఫేక్ మీట్ కంపెనీలు మా పొట్ట కొట్టడానికే వచ్చాయి" అని వాడి కోపం. థాంక్స్‌గివింగ్ పండగకి వాళ్లింటికి పిలిస్తే వెళ్లాను, వాళ్ల నాన్నదీ అదే మాట. నేను శాకాహారిని, ఏమీ అనలేక బంగాళాదుంపలు తింటూ కూర్చున్నాను. వాళ్లంటున్నది నిజమేనా?
– ఒక విద్యార్థి

జ: ఆయన కోపం ఊరికే రాలేదు తమ్ముడూ. ఇంపాజిబుల్ స్థాపకుడు ప్యాట్ బ్రౌన్ 2035 కల్లా ఆహారం కోసం జంతువుల్ని పెంచడమనేదే లేకుండా చేస్తానని బహిరంగంగా చెప్పాడు. నీ వృత్తిని పదిహేనేళ్లలో తుడిచేస్తానని ఒకడు టీవీలో నవ్వుతూ చెబుతుంటే ఎవరికి మాత్రం మండదు? 2018 ఫిబ్రవరిలో పశువుల పెంపకందారుల సంఘం ఒకటి, పశువు నుంచి రానిదాన్ని బీఫ్ అనీ మీట్ అనీ పిలవకూడదని అమెరికా వ్యవసాయ శాఖకి అర్జీ పెట్టింది. అదే ఏడు మిస్సోరి రాష్ట్రం దీని మీద చట్టం తెచ్చింది, తర్వాత మరికొన్ని రాష్ట్రాలు తెచ్చాయి.

అయితే కోపం నిజమే గానీ లెక్క మాత్రం కుదరడం లేదు. ఇంత హడావిడి చేసిన మొక్కల మాంసం వాటా అమెరికా మొత్తం మాంసం అమ్మకాల్లో ఒక శాతం దగ్గరే ఆగిపోయింది. అదే సమయంలో బీఫ్ ధర ఆకాశానికెళ్లింది. 2025లో కీమా సగటు ధర మొదటిసారి పౌండుకి 6 డాలర్లు దాటింది. గిరాకీ పోయిన సరుకు ధర ఇలా పెరగదు కదా.

మరి ధర ఎందుకు పెరిగింది? ఆవులు లేక. 2025 జనవరి 1 నాటికి అమెరికాలో మొత్తం పశువులు 8 కోట్ల 67 లక్షలు. 1951 తర్వాత అప్పటిదాకా ఇంత తక్కువ ఎప్పుడూ లేదు, 1975లో 13 కోట్ల 20 లక్షలుండేవి. వరసగా కరువొచ్చింది, గడ్డి లేదు, దాణా ఖరీదు పెరిగింది, మందకి మూలమైన తల్లి ఆవుల్నే కబేళాకి అమ్ముకోవాల్సి వచ్చింది. ఒకసారి తల్లుల్ని అమ్మేశాక మంద మళ్లీ పెరగడానికి ఏళ్లు పడుతుంది. ఈ ఏడు పుట్టిన పెయ్యని అమ్మకుండా ఉంచుకుంటే అది ఎదకొచ్చి, చూడి కట్టి, ఈనేసరికి రెండేళ్లు. ఆ దూడ కోతకొచ్చేది ఇంకో ఏడాదిన్నరకి. పైగా దూడకి ఇంత రేటు పలుకుతున్నప్పుడు పెయ్యని ఉంచుకోవడానికి బ్యాంకు అప్పున్నవాడికి చెయ్యి రాదు.

ఇప్పుడు మీ రూమ్మేట్ ఇంటి సంగతికొద్దాం. అమెరికా బీఫ్ అంటే మనకి పెద్ద పెద్ద కంపెనీలు గుర్తొస్తాయి గానీ దూడల్ని పుట్టించే వాళ్లు ఎక్కువమంది చిన్నవాళ్లే, సగటున నలభై యాభై ఆవులు. ఎండాకాలమంతా పచ్చిక మీద మేపి, ఆరు నుంచి ఎనిమిది నెలల దూడల్ని ఆకురాలే కాలంలో వేలంలో అమ్ముతారు. చాలామందికి ఏడాదికి వచ్చే ముఖ్యమైన చెక్కు అదొక్కటే. ఆ దూడ తర్వాత ఇంకొకరి పచ్చికలో ఇంకాస్త పెరిగి, కాన్సస్‌లోనో టెక్సస్‌లోనో మీ నెబ్రాస్కాలోనో ఫీడ్‌లాట్‌కి చేరుతుంది. అక్కడ నాలుగు నుంచి ఆరు నెలలు మొక్కజొన్న తిని 600 కిలోలు దాటాక కబేళాకి. చివర కొనేవాళ్లు ఎంతమంది? టైసన్, జేబీఎస్, కార్గిల్, నేషనల్ బీఫ్. ఫీడ్‌లాట్ పశువుల్లో దాదాపు 85 శాతం ఈ నలుగురి చేతుల్లోంచే పోతాయి. 1980 ప్రాంతంలో పెద్ద నాలుగు కంపెనీల వాటా మూడో వంతుకి కాస్త ఎక్కువ, అంతే.

దీని ఫలితం 2019 ఆగస్టులో కళ్లారా కనబడింది. కాన్సస్‌లోని హోల్‌కమ్‌లో టైసన్ ప్లాంటులో కొంత భాగం కాలి అది మూతపడింది. మాంసం తగ్గుతుందని మాంసం టోకు ధర పెరిగింది. కొనేవాడు ఒకడు తగ్గాడని పశువుల ధర పడిపోయింది. మధ్యలో మిగిలిందంతా మిగతా కబేళాలకి. మళ్లీ 2020లో కోవిడ్‌తో ప్లాంట్లు మూతపడ్డప్పుడూ అంతే, షాపులో ప్యాకెట్ ఖరీదు పైకి, రైతు చేతికొచ్చేది కిందకి. మన టమాటా రైతు మదనపల్లె మార్కెట్లో పడే బాధ తెలిసినవాళ్లకి ఇది కొత్తేమీ కాదు.

ఇంకో సంగతి వింటే మీ రూమ్మేట్ నాన్నగారికి ఒళ్లు మండుతుంది, అయినా చెప్పండి. ఈ ఫేక్ మీట్‌లో మొదట్లో డబ్బు పెట్టినవాళ్లలో ఆ పెద్ద మాంసం కంపెనీలే ఉన్నాయి. టైసన్ 2016లో బియాండ్ మీట్‌లో వాటా కొని, 2019లో ఆ కంపెనీ షేర్ మార్కెట్‌కి రాకముందే అమ్ముకుంది. కార్గిల్ బఠాణీ ప్రొటీన్ తీసే ప్యూరిస్‌లో 2018, 2019లలో కలిపి 10 కోట్ల డాలర్లు పెట్టింది. జేబీఎస్ అయితే 2020లో సొంతంగా మొక్కల మాంసం కంపెనీయే తెరిచింది, అమ్మకాల్లేక 2022లో మూసేసింది. ఆవు అమ్ముడైనా బఠాణీ అమ్ముడైనా వాళ్లకి నష్టం లేదు, నష్టపోయేది ఒక్క ఆవులే ఉన్నవాడు. బీఫ్ అనే పేరు కోసం రైతు సంఘాలు పెట్టిన శక్తిలో సగం ఈ నలుగురి మీద పెట్టి ఉంటే బాగుండేదని నా అభిప్రాయం. కొన్ని సంఘాలు పెట్టాయి కూడా, కాదనను. వేరే దేశంలో పెరిగిన పశువు మాంసం అమెరికాలో కోసి ప్యాక్ చేస్తే చాలు, అమెరికా సరుకు అని ముద్ర వేసుకోవడానికి ఏళ్ల తరబడి వీలుండేది. దాన్ని బిగించే నియమం 2024లో వచ్చి, 2026 జనవరి నుంచి అమల్లోకి వచ్చింది. 2025 అక్టోబర్‌లో బీఫ్ ధర తగ్గించడానికి అర్జెంటీనా నుంచి ఇంకా తెప్పిస్తామని ట్రంప్ అన్నప్పుడు రైతు సంఘాలు ఎంత గట్టిగా అరిచాయో మీరక్కడే ఉండి చూసే ఉంటారు. బఠాణీ కంటే అర్జెంటీనా ఆవు వాళ్లకి పెద్ద భయం, అది న్యాయమైన భయం కూడా.

మీ దగ్గరే ఉన్న లెక్సింగ్టన్ చూడండి. పదకొండు వేల జనాభా ఉన్న ఊరు, అక్కడి బీఫ్ ప్లాంటును 2026 జనవరిలో మూసేస్తామని టైసన్ 2025 నవంబర్‌లో చెప్పింది, 3,200 ఉద్యోగాలు. కోయడానికి సరిపడా పశువుల్లేవు. దానికి ఇంపాజిబుల్ బర్గర్‌తో ఏ సంబంధమూ లేదు.

రేపు మొక్కల బర్గర్ నిజంగా బాగా పుంజుకుంటే అన్నది వేరే ప్రశ్న. అప్పుడు కూడా దెబ్బ ఎక్కడ తగులుతుందో చూడాలి. అమెరికన్లు తినే బీఫ్‌లో సగానికి అటూ ఇటూ కీమాయే. ఆ కీమాలో చాలా భాగం ఫీడ్‌లాట్ పశువుని కోయగా మిగిలిన కొవ్వు ముక్కల్ని, పాలు తగ్గి అమ్మేసిన డెయిరీ ఆవుల, ముసలి తల్లి ఆవుల బక్క మాంసంతో కలిపి రుబ్బినది. అది చాలక ఆస్ట్రేలియా, బ్రెజిల్‌ల నుంచి కూడా తెప్పిస్తారు. కాబట్టి బర్గర్ గిరాకీ తగ్గితే మొదట పడేది వట్టిపోయిన ఆవు ధర. స్టేక్ ముక్కలకి మొక్కలతో సాటి ఇంతవరకూ ఎవరూ తేలేదు. కానీ రైతుకి ముసలి ఆవుని అమ్మిన డబ్బు చిన్నదేమీ కాదు. అందులోంచే పెయ్యల ఖర్చు పోతుంది. ఆయన భయాన్ని నేను పూర్తిగా కొట్టిపారెయ్యను, ఇప్పటి కష్టానికి కారణం అది కాదంటున్నానంతే.

ఇవన్నీ థాంక్స్‌గివింగ్ బల్ల దగ్గర చెప్పకండి. ప్యాకర్లు, అంటే ఆ కబేళా కంపెనీలవాళ్లు, ఎంతిస్తున్నారు అని అడగండి చాలు, మిగతాది ఆయనే చెబుతారు.

ప్ర: ఆవు తేన్పుల వల్ల భూమి వేడెక్కుతోందట. కార్లకంటే ఆవులే ఎక్కువ చెడ్డవంటున్నారు. నమ్మాలా? మరి మనకున్న పశువుల మాటేమిటి?
– విశ్రాంత ఉపాధ్యాయుడు, తెనాలి

జ: మాస్టారూ, తేన్పుల మాట నిజం, కార్లకంటే ఎక్కువన్న మాట అమెరికా విషయంలో తప్పు. అక్కడ రవాణా వాటా నాలుగో వంతు పైనే, వ్యవసాయం మొత్తం కలిపినా పదో వంతు. కాకపోతే తిండి వరకే చూస్తే ఆవుని మించింది లేదు. నెమరేసే జంతువు కడుపులో గడ్డి పులిసి మీథేన్ పుడుతుంది. నూరేళ్ల లెక్కలో అది కార్బన్ డయాక్సైడ్ కంటే 27 రెట్లకు పైగా వేడి పట్టి ఉంచుతుంది. అయితే పది పన్నెండేళ్లలో విరిగిపోతుంది, కార్బన్ డయాక్సైడ్ అలా పోదు. రైతు సంఘాలు ఎత్తి చూపేది ఇదే, అందులో న్యాయం కొంత ఉంది.

2018లో సైన్స్ పత్రికలో 119 దేశాల్లోని 38 వేల పైచిలుకు పొలాల లెక్కలు కూర్చి ఒక పెద్ద అధ్యయనం వచ్చింది. మాంసం కోసమే పెంచిన పశువు నుంచి 100 గ్రాముల ప్రొటీన్ రావాలంటే సగటున 50 కిలోల కార్బన్ డయాక్సైడ్‌కి సమానమైన వాయువులు పోతాయి. కోడికి 6 కిలోల లోపు. బఠాణీకి అర కిలో కూడా కాదు. బియాండ్ బర్గర్ మీద మిచిగన్ యూనివర్సిటీ వాళ్లు 2018లో వేసిన లెక్కలో బీఫ్ కంటే 90 శాతం తక్కువ వాయువులు, 93 శాతం తక్కువ భూమి, కరెంటూ ఇంధనమూ 46 శాతం తక్కువ అని తేలింది. ఇదీ కంపెనీ అడిగి చేయించుకున్నదే. అయినా తేడా ఎంత ఉందంటే, అందులో సగం కోసేసి చూసినా గెలిచేది మొక్కే. శక్తి లెక్కలో తేడా అంత లేకపోవడం గమనించండి. బఠాణీని పిండిచేసి, ప్రొటీన్ విడదీసి, యంత్రంలో ఒత్తి, గడ్డకట్టించి అమ్మడానికి కరెంటు బాగానే కాలుతుంది.

భూమి లెక్కలో మాత్రం నాకొక పేచీ ఉంది. నెబ్రాస్కా ఇసుక కొండల్లో గడ్డి తప్ప ఇంకేమీ పండదు, దున్నితే ఇసుక లేచిపోతుంది. అక్కడ ఆవుని తీసేస్తే బఠాణీ వెయ్యలేం. అదే బ్రెజిల్‌లో అమెజాన్ అడవిని కొట్టి పచ్చిక చేసిన చోట లెక్క పూర్తిగా వేరు. రెండింటినీ కలిపి సగటు తీసి ఒకే మాట అనడం వల్లే గొడవంతా.

మన సంగతంటారా, 2019 పశుగణన ప్రకారం దేశంలో ఆవులూ గేదెలూ కలిపి 30 కోట్లు. మీథేన్ తక్కువేమీ రాదు. కానీ మనం వాటిని పెంచేది పాలకి. మన లెక్క మార్చేది మేత, ఈతల మధ్య వ్యవధి, లీటరు పాలకి ఎంత మీథేన్ అన్నది. బర్గర్ కాదు.

ప్ర: బ్రెజిల్ బీఫ్ పశువులు మన ఒంగోలు జాతివేనని విన్నాను. నిజమా, మనవాళ్ల గొప్పా?
– ఒంగోలు

జ: నిజమే. బ్రెజిల్ మాంసం పశువుల్లో అధిక భాగం నెలోర్ జాతీ, దాని సంకరాలూ. అవి ఒంగోలు గిత్తల సంతతే. ఒంగోలు అప్పట్లో నెల్లూరు జిల్లాలో ఉండేది కాబట్టి ఆ పేరు పట్టుకుంది, ప్రకాశం జిల్లా 1970లో గానీ రాలేదు. ఎండకి, పురుగుకి, నాసి మేతకి తట్టుకునే జాతి కాబట్టి అక్కడ బతికి బట్టకట్టింది. వయాటినా-19 అనే ఒక నెలోర్ ఆవు వెల 40 లక్షల డాలర్లు దాటి 2023లో గిన్నిస్‌కెక్కింది. ఇక్కడేమో ట్రాక్టరొచ్చాక ఒంగోలు గిత్త పందేలకీ ప్రదర్శనలకీ మిగిలింది. అమెజాన్ అంచున మేస్తున్న మందల్లో కూడా మన గుండ్లకమ్మ ఒడ్డు నెత్తురే ఉందన్నమాట, గర్వపడాలో ఏమనుకోవాలో మీ ఇష్టం.

ప్ర: మీ వార్త చదివాను. మా ఇంట్లో తరతరాలుగా బడే కా గోష్ తింటాం. మటన్ కిలో ఎనిమిది వందలు దాటాక మాకు అందే మాంసం ఇదొక్కటే. ఇలాంటి వార్తలతో మా తిండి మీద ఇంకో రాయి వేస్తున్నారా?
– పాతబస్తీ, హైదరాబాద్

జ: లేదు భాయ్. ఆ వార్త అమెరికా గురించి. అక్కడ మనిషి మనకంటే ఎన్నో రెట్లు బీఫ్ తింటాడు, వారానికి రెండు మూడు బర్గర్లు తగ్గించడం వాళ్లకి కష్టమూ కాదు. మీరు తినేది ఎక్కువగా గేదె మాంసం, పాలు అయిపోయిన గేదెదీ దున్నపోతుదీ. అమెరికాలో మాంసం కోసమే పుట్టించి మొక్కజొన్న మేపిన దాని లెక్క దీనికి వర్తించదు. పాడి కోసం ఎలాగూ ఉన్న పశువు కాబట్టి వాయువుల భారంలో పెద్ద భాగం పాల ఖాతాలోకి పోతుంది. వట్టిపోయిన గేదెని సంతలో అమ్మిన డబ్బుతోనే మన పాడిరైతు ఇంకో గేదె కొనుక్కుంటాడు, ఆ సంగతి పాలు తాగేవాళ్లెవరూ గుర్తు పెట్టుకోరు. ఇక మన దగ్గర అమ్మే మొక్కల మాంసం ప్యాకెట్లు మీ గోష్ కంటే ఖరీదు. కల్యాణీ బిర్యానీకి దానితో పోటీ ఇప్పట్లో లేదు.

ప్ర: బియాండ్ మీట్ షేర్లు ఇప్పుడు చవగ్గా ఉన్నాయి. కొనొచ్చా?
– న్యూజెర్సీ

జ: సలహా ఇవ్వను, జరిగింది చెబుతాను. 2019 మే 2న 25 డాలర్లకి మార్కెట్‌కొచ్చింది, మొదటి రోజే 65 దాటి ముగిసింది, ఆ జూలైలో 230 పైకెళ్లింది. 2025 అక్టోబర్‌లో ఒక డాలర్ లోపుకి పడింది. జనం ఒకసారి రుచి చూడటానికి కొన్నారు, రెండోసారి కొనలేదు. బీఫ్ కంటే ఖరీదు, ప్యాకెట్ వెనక పదార్థాల జాబితా పొడుగు. మెక్‌డొనాల్డ్స్ కూడా వీళ్లతో చేసిన మెక్‌ప్లాంట్‌ని 2021, 2022లో అమెరికాలో పరీక్షించి పక్కన పెట్టేసింది. చవకైనవన్నీ చవక కావండీ.

ప్ర: ఈ బర్గర్లలో వేసే పసుపు బఠాణీకీ మన బండి మీద రగ్డాలో వేసే దానికీ తేడా ఉందా? దీనివల్ల అక్కడి రైతులకి లాభమేనా?
– నిజామాబాద్

జ: జాతి అదే. ప్రపంచంలో పసుపు బఠాణీ బాగా ఎక్కువగా దిగుమతి చేసుకునే దేశాల్లో మనదొకటి, శనగపిండిలో కలిసేది కూడా చాలాసార్లు ఇదే. కెనడాలోని సస్కాచెవాన్, అమెరికాలోని మోంటానా, నార్త్ డకోటా రైతులు దీన్ని పండిస్తారు. 2017 నవంబర్‌లో మన ప్రభుత్వం ఒక్కసారిగా 50 శాతం సుంకం వేసేసరికి వాళ్ల ధర కుప్పకూలింది. ఆ తర్వాత బర్గర్ కంపెనీలు ప్రొటీన్ కోసం బఠాణీ ఇంకా ఎక్కువగా అడిగాయి కాబట్టి వాళ్లకి కాస్త ఊపిరాడింది. మోంటానాలో ఆవులూ ఉండి, గోధుమ మధ్యలో బఠాణీ వేసే రైతులున్నారు. వాళ్లకి ఈ రెండు బర్గర్ల గొడవలో ఏ పక్షం ఉండాలో తేలదు. కానీ బర్గర్ వ్యాపారం నీరసించాక వాళ్లు మళ్లీ ఢిల్లీ వైపే చూస్తున్నారు. 2023 డిసెంబర్‌లో మనం సుంకం ఎత్తేశాం, 2025 నవంబర్ నుంచి మళ్లీ 30 శాతం వేశాం. ఆ నిర్ణయం మన కంది, శనగ రైతుకి కావలసిందే. అక్కడి రైతుకి మాత్రం కాలిఫోర్నియా బర్గర్ కంటే ఢిల్లీ నోటిఫికేషన్ పెద్ద వార్త.

ప్ర: అంత ఖరీదు పెట్టలేం. మీల్‌మేకర్‌తో బర్గర్ చేసుకోవచ్చా?
– రాజమండ్రి

జ: చక్కగా. మీల్‌మేకర్ కూడా అదే కుటుంబం, నూనె తీసిన సోయాపిండిని వేడి యంత్రంలో ఒత్తి తీసిందే. దానికి హీమ్, కొబ్బరి నూనె కలిపితే వాళ్ల బర్గర్, లేకపోతే మన కూర. చిన్న గుండ్లు తీసుకుని ఉప్పువేసిన వేడినీళ్లలో పది నిమిషాలు ఉంచి, రెండుసార్లు గట్టిగా పిండండి, ఆ పచ్చి వాసన నీళ్లతో పోతుంది. మిక్సీలో ఒక్క తిప్పు తిప్పి, ఉడికించి మెదిపిన ఎర్ర రాజ్మా, వేయించిన ఉల్లిపాయ, కాస్త శనగపిండి, మిరియాల పొడి, రెండు చెంచాల కొబ్బరి నూనె కలిపి అరగంట ఫ్రిజ్‌లో పెట్టండి. ఫ్రిజ్‌లో పెట్టకపోతే పెనం మీద విడిపోతుంది. తర్వాత అరచేతి మందాన వత్తి, సన్నమంట మీద, మాటిమాటికీ తిప్పకుండా కాల్చండి.